అడవిలో పెళ్లి పెట్టుకుంటే ముందు పెద్దమ్మ మోకాళ్ల సంగతి చూడండి

పెళ్లి కుదిరిన జంటల్ని ఈమధ్య ఎవర్ని కదిపినా ఒకటే మాట. ఊరికి దూరంగా, ఎక్కడో అడవి మధ్యలో, చెట్ల కింద, దగ్గరివాళ్లు ఓ యాభై అరవై మంది ఉంటే చాలు, హడావుడి లేకుండా చేసుకుంటాం అంటున్నారు. నాకీ ఆలోచన మనస్ఫూర్తిగా ఇష్టం. వచ్చిన ప్రతి మనిషి పక్కనా పెళ్లికూతురు కాసేపు కూర్చుని మాట్లాడగలిగే పెళ్లి అది. మా చెల్లి పెళ్లి అలాగే జరిగింది, ఏర్పాట్లలో చాలా భాగం నేనే చూసుకున్నాను, ఆ తర్వాత ఒకరిద్దరు స్నేహితుల పెళ్లిళ్లకూ ఓ చెయ్యి వేశాను. కాబట్టి వద్దని చెప్పడానికి ఇది రాయడం లేదు. చేసుకోమనే చెబుతున్నాను, కాకపోతే ఏర్పాట్లు ఎక్కడ మొదలుపెట్టాలన్న దాని మీద నాకు గట్టి అభిప్రాయం ఉంది.

చాలామంది ఫొటోతో మొదలుపెడతారు. ఫోన్లో ఎప్పుడో చూసి దాచుకున్న బొమ్మ ఒకటి ఉంటుంది. పొడుగాటి చెట్లు, కొమ్మల సందుల్లోంచి ఏటవాలుగా పడే ఎండ, వేలాడే చిన్న చిన్న దీపాలు. ఆ బొమ్మకు సరిపోయే చోటు కోసం వెతుకుతారు, దొరకగానే అడ్వాన్స్ ఇచ్చేస్తారు, మనుషులు అక్కడికి ఎలా చేరతారు, ఎక్కడ కూర్చుంటారు, వానొస్తే ఏం చేస్తారు అన్నవి తర్వాత చూసుకోవచ్చులే అనుకుంటారు. నేను అతిథుల లిస్టుతో మొదలుపెట్టమంటాను. ఆ లిస్టులో అడవిలోకి రావడం అందరికంటే ఎవరికి కష్టమో చూసి ఆ పేరు కింద గీత గీయండి. మోకాళ్ల నొప్పులున్న పెద్దమ్మ కావచ్చు, నెలల పిల్లను ఎత్తుకుని వచ్చే స్నేహితురాలు కావచ్చు, చక్రాల కుర్చీలో ఉన్న బాబాయి కావచ్చు, వేళకు మందులు వేసుకోకపోతే కళ్లు తిరిగే మామయ్య కావచ్చు. ఆ మనిషికి ఏం కావాలో అవన్నీ ఎంత కష్టమైనా సరే అడవిలోకి మోసుకెళ్లండి. మిగతావి ఎంత ముచ్చటగా ఉన్నా ఊళ్లోనే వదిలేయండి.

ఇంత పట్టుగా ఎందుకు చెబుతున్నానంటే, హాల్లో పెళ్లి చేసుకున్నప్పుడు మనం డబ్బు కట్టింది అలంకారానికే అనుకుంటాం గానీ చదునైన నేల, పంపు తిప్పితే వచ్చే నీళ్లు, బాత్రూమ్, పైకప్పు, స్విచ్, ఫోన్ సిగ్నల్, అంబులెన్స్ రాగలిగే రోడ్డు, ఇవన్నీ అడక్కుండానే అందులో కలిసి వచ్చేస్తాయి. అడవిలో వీటిలో ఒక్కటీ ఉండదు. ప్రతిదీ మనం తీసుకెళ్లాలి, లేదా అది లేకుండా గడిపే దారి చూసుకోవాలి. ఓపికంతా దీపాల తోరణాలకీ పూల చట్రాలకీ ఖర్చు చేసేస్తే నీళ్ల దగ్గరికి వచ్చేసరికి ఏమీ మిగలదు.

దారితో మొదలుపెడదాం. చెల్లి పెళ్లికి స్థలం ఖాయం చేసుకునే ముందు మా పెద్దమ్మను అక్కడికి తీసుకెళ్లాం. కారు ఆగిన చోటి నుంచి చెట్ల మధ్య ఖాళీ జాగా దాకా నాలుగైదు నిమిషాల నడక అని అక్కడివాళ్లు చెప్పారు. మాకు అంతే పట్టింది. పెద్దమ్మ మాత్రం దారికి అడ్డంగా పాకిన ఒక వేరు దగ్గర ఆగిపోయింది. జానెడు ఎత్తు కూడా లేదు, మేమెవ్వరం దాన్ని గమనించనైనా లేదు. ఆవిడ ముందు కర్ర అటువైపు ఆనించి, నా భుజం పట్టుకుని, ఒక కాలు దాటించి, రెండో కాలు దాటించే ముందు కాసేపు నిలబడింది. "దిగేటప్పుడు ఇంకా కష్టంరా" అంది. ఆ మాట నిజం, నొప్పి ఉన్న మోకాలికి ఎక్కడం కంటే దిగడమే బాధ. అక్కణ్నుంచి ఆవిడ ఎక్కడెక్కడ ఆగిందో అక్కడల్లా ఒక గుర్తు పెట్టుకుంటూ వెళ్లాం. పెళ్లిరోజు ఆ గుర్తుల దగ్గరే కుర్చీలు వేశాం, వేరు దగ్గర ఇద్దరు కుర్రాళ్లను నిలబెట్టాం. తీరా చూస్తే ఆ కుర్చీలు అందరికీ పనికొచ్చాయి, గర్భిణిగా ఉన్న మా వదినకైతే మరీను.

కుర్చీల మాట వచ్చింది కాబట్టి, సన్న కాళ్ల కుర్చీలు మెత్తటి అడవి నేలలో దిగబడి ఒక పక్కకి ఒరిగిపోతాయి. హీల్స్ సంగతీ అంతే. అడుగున అడ్డపట్టీ ఉన్న కుర్చీలో, బల్లలో తెప్పించండి. ఆనుకునే వీపు, చేతులు ఉన్న కుర్చీలు కొన్నైనా ఉండాలి, లేచేటప్పుడు పెద్దవాళ్లు వాటినే పట్టుకుంటారు.

ఎంతమందిని పిలవాలన్నది మన ఇష్టాన్ని బట్టి తేలేది కాదు, అక్కడున్న చోటును బట్టి, అక్కడికి మోయగలిగే నీళ్లను బట్టి తేలాలి. అరవై మంది అనుకోండి. పొద్దున వచ్చి సాయంత్రం దాకా ఉంటే ఒక్కొక్కరికి తాగడానికే 3 లీటర్లు లెక్క పెట్టుకోవాలి, ఎండాకాలమైతే ఇంకా ఎక్కువ. అంటే 180 లీటర్లు. చేతులు కడుక్కోవడానికి, గిన్నెలకు తక్కువలో తక్కువ ఇంకో అంత. మొత్తం 360 లీటర్లు, లీటరు నీళ్లు కిలో బరువు కాబట్టి 360 కిలోలు. 20 లీటర్ల క్యాన్లయితే పద్దెనిమిది. బండి ఆగే చోటికీ పెళ్లి జరిగే చోటికీ మధ్య నాలుగు వందల మీటర్లు ఉందనుకుంటే, ఆ పద్దెనిమిది క్యాన్లనూ ఎవరో ఒకరు భుజాన వేసుకుని ఆ దూరం నడవాలి. ఆ మోసే మనుషులెవరో ముందే మాట్లాడుకోండి, వాళ్లకివ్వాల్సిన కూలి పూర్తిగా ఇవ్వండి. స్నేహితులు చూసుకుంటారులే అని వదిలేస్తే పెళ్లి బట్టల్లో ఉన్న స్నేహితులు ఆ పని చేయరు, చేయాలనుకోవడం న్యాయమూ కాదు. నూట యాభై మందిని పిలిస్తే ఈ లెక్కంతా రెండున్నర రెట్లు అవుతుంది. అప్పుడు నీళ్ల బండి కావాలి, బండికి రోడ్డు కావాలి, రోడ్డు వేసేంత ఏర్పాటు కావాలనుకుంటే అడవిని వదిలేసి తోట చూసుకోవడం మేలు.

టాయిలెట్ల గురించి మాట్లాడటానికి మొహమాటపడతారు, అందుకే చివరిదాకా తేలదు. బహిరంగ వేడుకలు నిర్వహించేవాళ్లు సాధారణంగా నాలుగైదు గంటల కార్యక్రమానికి యాభై మందికి ఒక మొబైల్ టాయిలెట్ లెక్క వేస్తారు. అరవై మందికి రెండు పెట్టండి, ఒకటి మెట్లు లేకుండా నేరుగా వెళ్లగలిగేది, లోపల పట్టుకోవడానికి కడ్డీ ఉన్నది. అవి దించే బండి అక్కడిదాకా రాగలగాలి, తర్వాత శుభ్రం చేసే బండీ రాగలగాలి. ఒక సప్లయర్ మాతో ఫోన్లో "ఎక్కడికైనా పంపిస్తామండి" అన్నాడు, దారి ఫొటోలు పంపాక మాట్లాడటం మానేశాడు. బండి వెడల్పు ఎంత, మలుపు తిరగడానికి ఎంత జాగా కావాలి, వాన పడి బురదైతే వస్తారా అన్నవి రాతపూర్వకంగా తీసుకోండి. ఇంత చెప్పాక కూడా "చెట్టు చాటుకు వెళతారులే" అనే మగవాళ్లు ఉంటారు. ఆడవాళ్లు టాయిలెట్ లేదని తెలిస్తే పొద్దుణ్నుంచి నీళ్లు తాగడం మానేస్తారు. ఎండలో, పట్టుబట్టల్లో, ఎనిమిది గంటలు నీళ్లు తాగకుండా ఉంటారు. దాన్ని సర్దుబాటు అనడానికి నాకు మనసొప్పదు.

ఇక వెలుతురు. ఈ విషయంలో నాతో చాలామంది వాదిస్తారు, అయినా చెబుతాను. అడవిలో పెళ్లి పగలే చేసుకోండి, చీకటి పడేలోపు ఆఖరి మనిషి కూడా రోడ్డు ఎక్కేలా చూసుకోండి. మేం స్థలాన్ని మొదట మిట్టమధ్యాహ్నం చూశాం, బంగారంలా ఉంది. పెళ్లి సాయంత్రం పెట్టుకుందామని చెల్లి ఆశ. అందుకని అదే వేళకు మళ్లీ వెళ్లి నిలబడ్డాం. రోడ్డు మీద ఇంకా ఎండ ఉంది. చెట్ల కింద చెల్లి చేతిలో పెళ్లిలో చదవడానికి తను రాసుకున్న కాగితం ఉంది, చదవబోయి కళ్లకు దగ్గరగా పెట్టుకుంది, మళ్లీ దూరంగా పట్టుకుంది, అక్షరాలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోతున్నాయి. దట్టమైన వర్షారణ్యాల్లో పైన పడే వెలుతురులో 1-2 శాతమే నేలను చేరుతుంది. పలచటి అడవి అంత చీకటిగా ఉండకపోయినా సూర్యాస్తమయం అని క్యాలెండర్‌లో రాసే టైము బయట మైదానానికి వర్తించేది, చెట్ల కింద పొద్దు దానికంటే చాలా ముందే వాలుతుంది. పైగా భూమధ్యరేఖకు దగ్గరున్న దేశాల్లో సంధ్యవేళ మరీ చిన్నది, సూర్యుడు మునిగాక ఇరవై పాతిక నిమిషాల్లో చీకటి కమ్ముకొచ్చేస్తుంది. ఆ చీకట్లో వేర్లు, రాళ్లు ఉన్న దారిలో పెద్దవాళ్లను ఫోన్ టార్చి వెలుగులో నడిపించడం ఎంత టెన్షనో చూసినవాళ్లకే తెలుస్తుంది. మా చెల్లి పెళ్లి పొద్దున తొమ్మిదింటికి మార్చుకుంది.

దీపాలు పెట్టుకోవచ్చుగా అంటారు. పెట్టుకోవచ్చు, దారి పొడవునా, పాదాల ఎత్తులో, ఆలస్యమైతే పనికొస్తాయని. చెట్ల మీద తెల్లటి దీపాలు మాత్రం వద్దు. పురుగులు నీలం ఛాయ ఉన్న తెల్లటి వెలుగుకే ఎక్కువ వస్తాయి, పసుపు ఛాయ ఉన్న వాటికి తక్కువ. పక్షులు పడుకునే వేళకు చెట్టంతా వెలిగిస్తే వాటికి నిద్ర ఉండదు. జనరేటర్ అవసరం కూడా ఈ దీపాల కోసమే వస్తుంది. పగటి పెళ్లికి చిన్న స్పీకరు, ఒక మైకు, కొన్ని ఫోన్ ఛార్జర్లు తప్ప కరెంటుతో పనేముంది? 100 వాట్ల స్పీకరు అయిదు గంటలు నడిస్తే అర యూనిట్. చేత్తో పట్టుకెళ్లగలిగే పెద్ద బ్యాటరీ ఒకటి చాలు. వంట మాత్రం కరెంటు మీద పెట్టుకోకండి, ఒక్క ఎలక్ట్రిక్ కెటిల్ 2,000 వాట్లు లాగుతుంది.

మైకు కూడా అక్కర్లేకుండా చేసుకోవచ్చు, నాకు అదే ఇష్టం. ఆరుబయట దూరం రెట్టింపయిన ప్రతిసారీ శబ్దం 6 డెసిబెల్స్ తగ్గుతుంది. గొంతెత్తి మాట్లాడే మనిషి దగ్గర వినిపించినంత పది వరుసల వెనక వినిపించదు. అందుకని వరుసలు కాకుండా అర్ధచంద్రాకారంలో, రెండు మూడు వరుసలకు మించకుండా కుర్చీలు వేస్తే అరవై మందీ ఏడెనిమిది మీటర్లలోపే సర్దుకుంటారు. పెద్దమ్మ ముందు వరుసలో, వినికిడి తక్కువున్న తాతయ్య ఆవిడ పక్కన. ఇలా కూర్చుంటే పెళ్లికొడుకు గొంతు వణికింది కూడా అందరికీ వినిపిస్తుంది. ఒక్క జాగ్రత్త, జలపాతం పక్కన మాత్రం చోటు ఎంచుకోకండి. ఫొటోల్లో ఎంత బాగున్నా ఆ హోరులో ఇద్దరూ ఏం చెప్పుకున్నారో ఎవరికీ వినబడదు.

నిప్పు గురించి నేను ఏ సర్దుబాటుకీ ఒప్పుకోను. 2020 సెప్టెంబరులో కాలిఫోర్నియాలో ఒక కుటుంబం, పుట్టబోయే బిడ్డ ఆడో మగో చెప్పడానికి పెట్టుకున్న చిన్న వేడుకలో రంగు పొగ వచ్చే పరికరం ఒకటి కాల్చింది. ఎండిన గడ్డి అంటుకుంది. ఎల్ డొరాడో ఫైర్ అని పేరుపడ్డ ఆ మంట 22 వేల ఎకరాలకు పైగా తగలబెట్టింది, ఆర్పడానికి వెళ్లిన ఒక అగ్నిమాపక ఉద్యోగి చనిపోయాడు. అదే ఏడాది కొత్త సంవత్సరం రాత్రి జర్మనీలోని క్రెఫెల్డ్ జూలో ఎవరో ఎగరేసిన ఆకాశ దీపాలు కోతుల నివాసం మీద పడి ముప్పైకి పైగా జంతువులు కాలిపోయాయి. ఈ రెండు చోట్లా ఎవరూ చెడు చేయాలనుకోలేదు, సంతోషంగా ఉన్నారు, అంతే. చేతిలో పట్టుకుని కాల్చే కాకరపువ్వొత్తి మొన వెయ్యి డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. అడవి పెళ్లిలో బాణసంచా, ఆకాశ దీపాలు, రంగు పొగ గొట్టాలు, నేల మీద కొవ్వొత్తులు, ఏవీ వద్దు. సిగరెట్లు కాల్చేవాళ్లకు బండ్లు ఆగే దగ్గర, మట్టి నేల మీద, ఇసుక బకెట్ పెట్టి ఒక చోటు చూపించండి. వంట ఊళ్లోనే చేయించి తీసుకురండి. తెచ్చిన వంటకాలు వేడివి 60 డిగ్రీల పైన, చల్లవి 5 డిగ్రీల లోపు ఉండాలి, ఆ రెంటికీ మధ్య రెండు గంటలకు మించి వదలకూడదు, ఎండ 32 డిగ్రీలు దాటితే గంటే గడువు. ఊరికి గంటన్నర దూరంలో అందరికీ వాంతులు మొదలైతే ఆ రెండు టాయిలెట్లూ ఏ మూలకు సరిపోతాయి?

చెట్ల గురించి కూడా కొంచెం చెప్పాలి. వాటి కోసమే కదా అంత దూరం వెళుతున్నాం. చెట్టు వేళ్లు లోతుగా పాతాళంలోకి పోతాయని అనుకుంటాం గానీ నీళ్లూ పోషకాలూ పీల్చుకునే సన్నటి వేళ్లలో ఎక్కువ భాగం పైనున్న అడుగు, రెండడుగుల మట్టిలోనే, కొమ్మల నీడ దాటి కూడా పరుచుకుని ఉంటాయి. తడి నేల మీద బండి పోతే ఆ మట్టి బిగుసుకుపోతుంది, మొదటి నాలుగైదు సార్లలోనే చాలావరకు నష్టం జరిగిపోతుంది, తిరిగి గుల్లబారడానికి ఏళ్లు పడుతుంది. అందుకే టెంటు సామాను "ఒక్కసారి లోపలికి దించేసి వస్తాం" అంటే ఒప్పుకోవద్దు. అప్పటికే జనం తొక్కి గట్టిపడ్డ జాగానే ఎంచుకోండి, ఎవరూ అడుగుపెట్టని పచ్చటి చోటు మీకు ఎంత నచ్చినా సరే. చెప్పులకంటిన మట్టి కూడా తక్కువది కాదు. న్యూజిలాండ్‌లో కౌరి అనే మహావృక్షాలను చంపే తెగులు మట్టితో పాటు మనుషుల బూట్లకు అంటుకుని పాకుతోందని అక్కడి అడవి దారుల మొదట్లో బూట్లు కడిగే ఏర్పాట్లు పెట్టారు, 2018లో ఆక్లాండ్ దగ్గరి వైతాకెరె కొండల్లో చాలా దారుల్ని మూసేశారు కూడా. ఒక బ్రష్షు, ఒక బకెట్ నీళ్లు దారి మొదట్లో పెట్టడం మనకు పెద్ద పని కాదు. చల్లడానికి మెరుపు పొడి, ప్లాస్టిక్ ముక్కలు, గింజలు వద్దు. గింజలు జంతువులను మనుషులిచ్చే తిండికి అలవాటు చేస్తాయి, మిగతావి మట్టిలోంచి ఎప్పటికీ ఏరలేం. డ్రోన్ కూడా వద్దంటాను. అమెరికాలో జాతీయ పార్కుల్లో 2014 నుంచే నిషేధం ఉంది. చెట్టు మీద తేనెపట్టు ఉంటే డ్రోన్ రొదకు తేనెటీగలు లేచి మీద పడే ప్రమాదం ఉంది, అక్కడ పరిగెత్తలేనిది ఎవరో మళ్లీ ఆ లిస్టులో గీత గీసిన పేరే.

స్థలం చూసినప్పుడు కింద ఎంతసేపు చూస్తారో పైన కూడా అంతసేపు చూడండి. ఎండిపోయి వేలాడుతున్న కొమ్మలు, మొదలు పుచ్చిపోయిన చెట్లు ఉంటే వాటి కింద కుర్చీ వేయకండి. గాలి లేనప్పుడు కూడా అవి విరిగి పడతాయి.

వాన సంగతికి వస్తే, వారం పది రోజులు దాటిన తర్వాతి వాతావరణ సూచనను నమ్ముకోలేం. కాబట్టి పైకప్పు ఉన్న ఇంకో చోటు తప్పనిసరిగా ఉండాలి, దగ్గర్లో, అదే రోజుకు, డబ్బు కట్టి. దాన్ని గతిలేక వెళ్లే చోటులా చూడకండి, అక్కడ పెళ్లి జరిగినా సంతోషంగా ఉండగలిగేదే ఎంచుకోండి. లేకపోతే ఆకాశం నల్లబడుతున్నా "ఇంకో అరగంట చూద్దాం" అంటూనే ఉంటారు. నిర్ణయం పెళ్లికూతురు, పెళ్లికొడుకు చేతుల్లో పెట్టొద్దు. ఆ రోజు వాళ్ల మనసు అడవివైపే లాగుతుంది. ముందురోజు సాయంత్రం ఫలానా టైముకు ఫలానా మనిషి తేల్చి చెబుతారు, తర్వాత వాదన ఉండదు అని మాట అనుకోండి. మా విషయంలో ఆ పని మా వదిన తీసుకుంది, ఆవిడ మాటకు మా ఇంట్లో ఎదురుండదు. చిరుజల్లు పర్వాలేదు, గొడుగులు పట్టుకోవచ్చు. ఉరుము వినిపిస్తే మాత్రం పెళ్లి తంతు మధ్యలో ఉన్నా లేవాల్సిందే. చెట్టు కింద గానీ టెంటులో గానీ పిడుగు నుంచి రక్షణ ఉండదు, పైకప్పు ఉన్న కార్లు, బస్సులే దిక్కు. ఆఖరి ఉరుము తర్వాత అరగంట గడిచేదాకా దిగకూడదు. అంటే వచ్చినవాళ్లందరూ ఒకేసారి కూర్చోగలిగేన్ని బండ్లు అక్కడే ఉండాలి. దించేసి ఊళ్లోకి వెళ్లిపోయి సాయంత్రం వస్తానన్న బస్సు ఇందుకు పనికిరాదు.

ఆరోగ్యం విషయంలో అన్నిటికంటే ముందు అడగాల్సిన ప్రశ్న, అంబులెన్స్ ఎంతసేపట్లో వస్తుందని. సిగ్నల్ లేకపోతే అసలు ఎలా పిలుస్తామని. గుండె ఆగినప్పుడు షాక్ ఇవ్వడం ఆలస్యమైన ప్రతి నిమిషానికీ బతికే అవకాశం 7 నుంచి 10 శాతం తగ్గుతుందని వైద్యులు చెబుతారు. అడవిలో ఆ నిమిషాలు మన చేతుల్లో ఉండవు కాబట్టి ప్రథమ చికిత్స నేర్చుకున్న మనిషి, వీలైతే ఆగిన గుండెకు షాక్ ఇచ్చే ఏఈడీ యంత్రం అద్దెకు తెచ్చినది, అలర్జీలు ఉన్నవాళ్ల దగ్గర వాళ్ల ఇంజెక్షన్, ఇవి ఉండి తీరాలి. ఒక కారు ముందుభాగం రోడ్డువైపు తిప్పి, దానికి ఏదీ అడ్డం పెట్టకుండా, తాళంచెవి ఎవరి దగ్గరుందో అందరికీ తెలిసేలా ఉంచండి. ఆ చోటి అక్షాంశ రేఖాంశాలు కాగితం మీద రాసి నలుగురి జేబుల్లో పెట్టండి. 2022లో వచ్చిన ఐఫోన్ 14 నుంచి ఉపగ్రహం ద్వారా సాయం కోరే సదుపాయం ఉంది గానీ అన్ని దేశాల్లో పనిచేయదు, పనిచేసే చోట కూడా పైన ఆకాశం కనిపించాలి. దట్టమైన కొమ్మల కింద అందకపోవచ్చు. కాబట్టి సిగ్నల్ గానీ ఖాళీ ఆకాశం గానీ ఎక్కడ దొరుకుతుందో ముందే నడిచి చూసుకోండి.

చట్టం సంగతి దేశాన్ని బట్టి మారుతుంది. స్కాట్లాండ్‌లో పెళ్లి జరిపించే అధికారం ఉన్న మనిషి వస్తే కొండ మీదైనా అడవిలోనైనా చెల్లుతుంది. ఇంగ్లండ్‌లో మాత్రం సివిల్ పెళ్లి 2021 జులై దాకా భవనం లోపలే జరగాలి, అప్పట్నుంచి కూడా అనుమతి ఉన్న స్థలాల ఆవరణలోనే ఆరుబయట చేసుకోవచ్చు. అమెరికా జాతీయ పార్కుల్లో పెళ్లికి ప్రత్యేక పర్మిట్ తీసుకోవాలి. మీ దగ్గర ఎలా ఉన్నా సంతకాలు ముందురోజు ఆఫీసులో పూర్తి చేసుకుంటే అడవిలో ఆ బరువు ఉండదు. స్థలానికి అనుమతి మాత్రం దాని మీద అధికారం ఉన్నవాళ్ల దగ్గర్నుంచి కాగితం మీద తీసుకోవాలి, దారి చూపించిన మనిషి "ఏం కాదులే" అన్న మాట సరిపోదు.

ఇవన్నీ సిద్ధమయ్యాక అతిథులకు నిజం చెప్పండి. మేం పంపిన కబురు దాదాపు ఇలా ఉంది: "బండి దిగాక నాలుగు వందల మీటర్లు మట్టి దారిలో నడవాలి, దారిలో రెండు చోట్ల వేర్లు దాటాలి, కూర్చోవడానికి మధ్యలో కుర్చీలు ఉంటాయి. ఫోన్లు పనిచేయవు. కాళ్లు పూర్తిగా కప్పే చదునైన చెప్పులు లేదా బూట్లు వేసుకోండి. ఘాటైన సెంట్లు వద్దు. మీ మందులు మీ దగ్గరే ఉంచుకోండి. మూడింటికి అందరం బయల్దేరతాం. రావడం కష్టమనిపిస్తే మొహమాటం లేకుండా చెప్పండి, మర్నాడు ఇంటి దగ్గర మళ్లీ కలుస్తాం." గోమార్ల లాంటి పురుగులున్న అడవైతే పొడుగు సాక్సులు వేసుకుని ప్యాంటు వాటిలోకి దోపుకోమని, ఇంటికెళ్లాక ఒళ్లంతా చూసుకోమని కూడా రాయాలి. ఇలా రాస్తే జనం భయపడి రారేమో అని చెల్లికి బెంగ. ఒకరిద్దరు నిజంగానే రాలేమన్నారు. వచ్చినవాళ్లు మాత్రం తగిన బట్టలతో, తగిన చెప్పులతో వచ్చారు, ఎవరూ ఇబ్బంది పడుతూ చిరునవ్వు నటించాల్సిన అవసరం రాలేదు.

ఇన్ని నియమాలు పెట్టాక ఇందులో సరదా ఏం మిగిలిందని ఒక స్నేహితుడు నన్ను అడిగాడు. నియమాలన్నీ ఏర్పాట్లు చేసేవాళ్లకే. ఆ పొద్దున వచ్చినవాళ్లకు వాటిలో ఒక్కటీ కనబడలేదు. దాహమేస్తే నీళ్లున్నాయి, కాళ్లు లాగితే కుర్చీ ఉంది, పిల్లలు ఎంత దూరం పరిగెత్తవచ్చో చూపించడానికి రెండు చెట్ల మధ్య తాడు కట్టి ఉంది. స్టేజీ లేదు కాబట్టి ఎవరూ వరుస కట్టలేదు. పెద్దమ్మ ముందు వరుసలో కూర్చుని చెల్లి చదివిన ప్రతి మాటా విని, చదవడం అయిపోగానే గట్టిగా "బాగా రాశావే" అంది. అడవంతా వినబడేలా అంది. రోడ్డు పక్క స్థలంలో పెట్టుకుని ఉంటే ఇంత కష్టం లేకపోయేది, నిజమే. కానీ మీరు అడవే కావాలనుకుంటున్నారు, మీ పెద్దమ్మ కూడా కావాలనుకుంటున్నారు. ఆ రెండూ కలిసి దక్కాలంటే నాకు తెలిసిన దారి ఇదే.

శుభ్రం చేసే పని మాత్రం అదే సాయంత్రం హడావుడిగా ముగించొద్దు. బరువైనవి, వాసన వచ్చేవి, మిగిలిన భోజనం ఆ రోజే తీసుకెళ్లిపోవాలి, రాత్రికి జంతువులు వస్తాయి. చిన్నవి వెతకడానికి మర్నాడు పగటి వెలుతురులో ఇద్దరు ముగ్గురు మళ్లీ వెళ్లాలి. ముఖ్యంగా కొమ్మలకూ మానులకూ కట్టిన తాళ్లు, వైర్లు. ఒక్కటి మర్చిపోయినా చెట్టు లావెక్కే కొద్దీ అది బెరడులోకి దిగబడుతుంది, ఆకుల్లో తయారైన ఆహారం కిందికి వేళ్లకు వెళ్లే దారి నొక్కుకుపోతుంది, కొన్నేళ్లకు ఆ కొమ్మో చెట్టో ఎండిపోతుంది. కట్టేటప్పుడే ఏ చెట్టుకు ఎన్ని కట్టారో కాగితం మీద రాసుకోండి, విప్పేటప్పుడు ఆ లెక్క చూసుకుంటూ విప్పండి.